పద్నాలుగో నంబరు చెట్టు కింది మట్టి

ముఖ్య అధికారి గారి సముఖమునకు,
మొక్కల ఆరోగ్య కార్యాలయం.

అయ్యా,

విషయం: నాసౌవూ గ్రామంలోని 14వ నంబరు సీమపనస చెట్టును కొట్టివేసి, దాని కింది మట్టికి విషపు మందు పట్టించవలెనన్న ఉత్తర్వును నిలుపుదల చేయుట గురించి.

సూచిక: ఈ నెల మూడో తేదీన తమరు సంతకం చేసిన ఉత్తర్వు. అమలు వచ్చే గురువారం.

నా పేరు అకనీసి వూలా. వయసు ఇరవై నాలుగు. తమ కార్యాలయంలోనే, మెట్ల కింది గదిలో, మట్టి పరీక్ష సహాయకురాలిని. రోజూ పొద్దున తమరికి బులా అని మా నమస్కారం చెబుతాను. అది తమరికి వినబడేంత గట్టిగా ఉండదని నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

అర్జీలో ఎవరు, ఏమి, ఎందుకు అన్న మూడే ఉండాలని మఠం బడిలో సిస్టర్ క్లోటిల్డా నేర్పారు. కన్నీళ్లు నాలుగోవి, వాటికి కాగితం మీద చోటు లేదన్నారు. ఆ ప్రకారమే రాయడానికి ప్రయత్నిస్తాను.

1. సదరు ఉత్తర్వులో చెట్టు యజమాని అన్న చోట 'ఎవరూ లేరు' అని రాసి ఉంది. అది సరికాదని మనవి. ఆ చెట్టు మా అక్క విలొమేన కూతురు సిసీలియాది. మా ఊళ్లో బిడ్డకు బొడ్డు ఊడిన రోజున దాన్ని మట్టిలో పెట్టి, పైన ఒక మొక్క నాటుతాం. ఎదిగాక, నీ చెట్టు ఏదంటే ప్రతివాళ్లూ ఒకదాన్ని చూపించగలరు. నాది కొబ్బరి. సిసీలియాకు సీమపనస నాటారు. ఏడేళ్లయింది.

సిసీలియాకు పద్నాలుగు నెలలు ఉన్నప్పుడు పెద్ద తుఫాను వచ్చింది. సముద్రం ఇళ్లలోకి వచ్చింది. నీళ్లలో అక్క చేతిలో నుంచి పిల్ల జారిపోయింది. తరువాత ఎంత వెతికినా దొరకలేదు. చర్చి వెనక సిసీలియా పేరుతో రాయి ఉంది. రాయి కింద ఏమీ లేదు. చెట్టు ఇంటి వెనక మెరక మీద ఉంది కనుక నిలిచింది. ఆ పిల్ల భూమిలో ఉన్నది ఆ చెట్టు కింద మాత్రమే, చిటికెనవేలి గోరంత.

అక్క రోజూ పొద్దున ముఖం కడుక్కోక ముందే అక్కడికి వెళుతుంది. ఏమీ చేయదు. రాలిన ఆకుల్ని కాలితో మొదట్లోకి నెట్టి వస్తుంది.

2. ఉత్తర్వుకు ఆధారంగా చూపినది: వంద గ్రాముల మట్టిలో రెండు వేల నూట నలభై నులిపురుగులు. అనుమతి ఉన్నది ఐదు వందలకు. ఆ సంఖ్య తప్పు కాదు. లెక్కపెట్టింది నేనే.

అయితే పరీక్ష కాగితంలో నులిపురుగులకు ఒకే గడి ఉంది. ఎన్ని అని అడుగుతుంది, ఏవి అని అడగదు. గరాటాలో పలుచని కాగితం పరిచి, మట్టి వేసి, నీరు తగిలేలా ఉంచితే ఇవన్నీ కిందికి దిగుతాయి. కంటికి కనిపించవు. మైక్రోస్కోపు కింద మాత్రం ఒక్కొక్కటి ఒక్కో తీరు. సూదిలాంటి మూతితో వేరును గుచ్చి పీల్చేవి ఆ రెండు వేల చిల్లరలో అరవై. మిగిలినవాటిలో కుళ్లును పట్టి బతికే సూక్ష్మజీవుల్ని తినేవి ఉన్నాయి, బూజును తినేవి ఉన్నాయి. నోట్లో ఒకే ఒక పన్ను ఉండి, ఆ పీల్చేవాటినే వెంటబడి మింగేవీ ఉన్నాయి. మొత్తం ఇరవై మూడు రకాలు. ఊళ్లో మరే చెట్టు కిందా నాకు తొమ్మిదికి మించి కనిపించలేదు. ఇన్ని రకాలు కలిసి ఉన్నచోట ఏ ఒక్కదాని పెత్తనమూ సాగదు. ఆ చెట్టు పచ్చగా ఉన్నది అందుకే. ఊళ్లో జనం ఎక్కువగా ఉన్నారు కనుక దొంగలూ ఎక్కువేనని తేల్చి ఊరిని తగలబెట్టినట్టుగా ఈ ఉత్తర్వు ఉన్నదని సవినయంగా మనవి.

ఇరవై మూడింటి బొమ్మలూ గీసి, పరీక్ష కాగితానికి జతచేశాను. ఈ కాగితానికి జతపత్రాలు ఉండవని గుమాస్తాగారు దాన్ని విడదీశారు. దాని వెనక వైపు ఇప్పుడు టీ గదిలో కప్పులు కడిగే వంతుల పట్టిక ఉంది. తమరు అటువైపు వెళ్లినప్పుడు ఒకసారి తిప్పి చూడవలసిందిగా కోరుతున్నాను.

3. తమ కిటికీ ఎదుట ఉన్న సీమపనసకు నాలుగు వందల ఎనభై వచ్చింది. కనుక అది ఆరోగ్యకరమని రేకు బిళ్ల కొట్టారు. ఆ నాలుగు వందల ఎనభైలో దాదాపు అన్నీ ఒకే రకం, వేరుబుడిపెలు తెచ్చేవి. దాని వేర్లు తవ్వి చూస్తే జపమాలలా ఉన్నాయి. ఆకులు పండి తమ బండి మీద రాలుతున్నాయి. వాటిని ఊడ్చేది మా మేనమామ కొడుకు ఎమొసి, తమ తోటపనివాడు. ఆ బిళ్లను చూపించి, "పాసైన చెట్టు చస్తోంది, ఫెయిలైన చెట్టు కాస్తోంది. నీలాంటి చదువరి మార్కులు వేస్తే ఇంతే మరి, పురుగుల దొరసానీ" అన్నాడు. మాలో మేనబావకు అలా అనే హక్కు ఉంది. నాకు తిరిగి అనే హక్కు ఉన్నా నోరు రాదు.

4. ఈ విషయమై గ్రామం తరఫున ఇదివరకే ఒక విన్నపం జరిగింది. అది తమ దస్త్రాలలో వేరే పేరుతో ఉంది.

మా పెదనాన్న ఊరి పెద్ద. ఉత్తర్వు అందిన మూడో రోజున ఆయన తెల్ల చొక్కా వేసుకుని, తిమింగలపు పన్ను పట్టుకుని కార్యాలయానికి వచ్చారు. చావుకైనా పెళ్లికైనా క్షమాపణకైనా మేము పెద్దవాళ్లను అడిగేది దానితోనే. అది మా తాతల కాలంనాటిది. పట్టుకుని పట్టుకుని తేనె రంగుకు తిరిగింది. తమరు సమావేశంలో ఉన్నారు. పెదనాన్న నడవాలో నేల మీద కూర్చుని, అరచేతులు బోలుగా చేసి మూడుసార్లు చప్పట్లు చరిచి, చెప్పవలసిన మాటలు తలుపుకు చెప్పారు. గుమాస్తాగారు మంచివారే. "పెద్దాయనా, కుర్చీలో కూర్చోండి, దారికి అడ్డం" అన్నారు. పన్ను తీసుకుని కానుకల రిజిస్టరులో 'ఎముక, తాడుతో సహా, ఒకటి' అని రాసుకున్నారు. ఉద్యోగులు కానుకలు తీసుకోరాదు కనుక మర్నాడు దాన్ని పెద్ద కవరులో పెట్టి తిప్పి పంపారు.

మాలో పన్ను ఉంచుకుంటే అవునని, తిప్పి పంపితే కాదని. తమరు దాన్ని చూడనే లేదని నాకు తెలుసు, పెదనాన్నకు తెలియదు. ఆయన కవరు విప్పి, అందరినీ పిలిచి, "అడిగాం. కాదన్నారు. ఇక ఎవరూ నోరెత్తకూడదు" అన్నారు. ఆ మాట దాటి మా ఊరివాళ్లెవరూ తమరిని అడగరు. నేను గ్రామస్థురాలిగా కాక, ఉద్యోగినిగా రాస్తున్నాను. ఈ తేడా పెదనాన్న ఒప్పుకుంటారో లేదో తెలియదు.

5. ఈ అంశం రాయకుండా వదిలేద్దామనుకున్నాను.

పరీక్షకు ఇచ్చిన జాబితాలో ఉన్నవి పదమూడు చెట్లు, అన్నీ ఆకులు పండినవి. పద్నాలుగోది జాబితాలో లేదు. దానికి జబ్బు లేదు. ఎవరూ అడగలేదు. పదమూడో చెట్టు మట్టి తీసుకుని ఇంటి వెనకగా వస్తూ, అక్క లేని సమయంలో, చెంచాతో నేనే తవ్వాను. ఎందుకని తమరు అడగవచ్చు. సిసీలియాను ఎత్తుకుని తిరిగినదాన్ని నేను. అక్కడ దాని చుట్టూ ఎవరెవరు ఉన్నారో చూడాలనిపించింది. అంతకు మించిన శాస్త్రీయ కారణం లేదు.

మైక్రోస్కోపులో చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇక్కడ రాయదగినది కాదు. అంతమంది ఉన్నారు. ఆ సంతోషంలోనే దాన్ని కూడా పద్నాలుగోదిగా కాగితంలో ఎక్కించాను. ఎవరైనా చదువుతారనుకున్నాను. ఉత్తర్వుకు కారణం పురుగులు కావు, నేను. శిక్ష ఉంటే నాకు పడాలి.

6. గురువారం చెట్టు కొట్టే పని ఎమొసి బావకు పడింది. ఉత్తర్వు చదివి వినిపించిన రోజు నుంచి అతడు నన్ను దొరసాని అనడం మానేశాడు. అకనీసీ అని పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఇరవై నాలుగేళ్లలో అతడు నన్ను పేరు పెట్టి పిలవడం ఇదే మొదలు. నిన్న రంపానికి నూనె పెడుతూ, "ఏదైనా అనవే. తిట్టనైనా తిట్టు" అన్నాడు.

కావున తమరిని కోరునది:

(అ) సదరు ఉత్తర్వును రద్దు చేయవలెను.

(ఆ) అది వీలుకాని పక్షంలో, చెట్టును కొట్టినా, మట్టికి మందు పట్టించరాదు.

(ఇ) అదీ వీలుకాని పక్షంలో, పని మొదలుపెట్టేముందు చెట్టు మొదట్లో నుంచి ఒక గిన్నెడు మట్టి తీసుకోవడానికి నాకు అనుమతి ఇవ్వవలెను. గిన్నె నేనే తెచ్చుకుంటాను.

ఇందులో ఎక్కువ మాట్లాడి ఉంటే మన్నించి, తక్కువ మాట్లాడినచోట ఎక్కువగా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
అకనీసి వూలా
మట్టి పరీక్ష గది

తాజా కలం: ఇది శనివారమే రాసి ముగించాను. అక్క గురించి అక్కకు తెలియకుండా పంపడం అబద్ధమే అవుతుందని, ఆదివారం చర్చిలో పూజ అయ్యాక చదివి వినిపించాను. అక్క చాప అల్లుతోంది. ఐదో అంశం దాకా చేతులు ఆగలేదు.

"నువ్వు తవ్వావా?" అంది.

నాలుగు చెంచాలే అన్నాను, మొదటికి జానెడు దూరంలో అన్నాను. ఆమె చాప పక్కన పెట్టింది. కొడుతుందనుకున్నాను. "చూపించు" అంది.

పరీక్ష గది తాళం నా దగ్గరే ఉంటుంది. మైక్రోస్కోపును, ఆ మట్టి నుంచి దింపిన నీటి సీసాను అనుమతి లేకుండా ఇంటికి తీసుకువెళ్లాను. ఇది నియమాలకు విరుద్ధమని తెలుసు, చర్య తీసుకోవచ్చు. కిటికీ పక్కన పెట్టి, అద్దాన్ని వెలుతురుకు తిప్పి, అక్కను కూర్చోబెట్టాను. పొయ్యి మీద చేమదుంపలు ఉడికేంతసేపు ఆమె కన్ను తీయలేదు.

"ఇవి అప్పటినుంచీ ఉన్నాయా?" అని అడిగింది.

"ఇవి కావక్కా. వాటి పిల్లలు, ఆ పిల్లల పిల్లలు."

"అయితే దాన్ని ఎరిగినవాళ్ల పిల్లలే."

నేను దిద్దలేదు. కాసేపటికి ఆమె తల ఎత్తకుండానే చెప్పింది. అవి ఆమె మాటలే, ఉన్నవి ఉన్నట్టుగా రాస్తున్నాను: "చెట్టును కొడితే కొట్టనీ. వేరు బతికుంటే సీమపనస పక్కనే పిలక వేస్తుంది. మట్టిని చంపాక ఎవరు వేస్తారు? వీళ్లను ముట్టుకోవద్దని రాయి. నేను పద్నాలుగు నెలలే పట్టుకోగలిగాను. వీళ్లు ఇప్పటికీ వదల్లేదు."

మైక్రోస్కోపు కంటి అద్దం తడిసింది. తుడిచి, ఆరబెట్టి, సోమవారం పొద్దున తిరిగి పెట్టాను.

కావున పైన (అ)ను, (ఇ)ని కొట్టివేసినట్టుగా భావించవలెను. నాకు గిన్నె అక్కరలేదు. (ఆ) ఒక్కటే మా కోరిక.

గురువారం అక్క చెట్టు దగ్గరే ఉంటుంది. ఎమొసి బావకు అడ్డుపడదు. తాడు కూడా పట్టుకుంటానంది. ఒకవేళ తమరు దీన్నీ కాదంటే, మందు డబ్బా తెచ్చిన మనిషి మూత తీసేముందు ఒకసారి ఆమె ముఖంలోకి చూడాలి. ఇలాంటిది నియమాలలో లేదు. ఇది మాత్రం ఉద్యోగినిగా కాదు, నేనే అడుగుతున్నాను.