నల్ల సంచిలో చేతులు

బోధన్,
12 ఫిబ్రవరి 2001

మామకు,

మీ అల్లుడు తుకారాం దండాలు పెట్టి రాస్తున్న ఉత్తరం. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక కాగితం పట్టుకున్నాను. మొన్న పోచంపాడ్‌లో మనవాళ్లందరి ముందర మీరు నా భుజం మీద చెయ్యి వేసి, "కంఠేశ్వర్‌ల ఉన్న నా ఫొటో స్టూడియో ఇగ మా అల్లునిదే. ఒక్కసారి వాడి పారేసే కెమెరాల మళ్ల రీలు నింపుడు ఈ జిల్లాల గీయనకొక్కనికే వస్తది" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం దొంగకు తేలు కుట్టినట్టయింది. మామా, ఆ కెమెరాలు నింపింది నేను కాదు. మీ బిడ్డ సుమిత్ర.

నేను ప్రయత్నం చేయలేదని కాదు. గిరాకీలు ఫొటోలు కడిగించుకున్నాక మీ దగ్గర మిగిలే ఖాళీ కెమెరాలను బోధన్‌కు మోసుకొచ్చింది నేనే. మొదటిదాన్ని స్క్రూడ్రైవర్‌తో విప్పితే, ఫ్లాష్‌లో మిగిలిన కరెంటు కొట్టి గోడకు పోయి తగిలాను. సుమిత్ర పొట్ట పట్టుకుని నవ్వింది. "జరుగు, నేన్ జూస్త" అంది. మామూలు కెమెరాలో ఫొటో తీసినకొద్దీ రీలు డబ్బీలోంచి బయటికి వస్తుంది కదా. ఇందులో తిరకాసు. ముందే మొత్తం బయటికి చుట్టిపెడితే, తీసినకొద్దీ డబ్బీలోకి పోతుంది. మూడు రోజులు నేను తల గోక్కున్న ఆ సంగతిని ఆమె ఒక్క పూటలో పట్టేసింది. వెలుతురు సోకని నల్ల సంచిలోకి మోచేతుల దాకా చేతులు దూర్చి, పక్కింటి వెంకటవ్వతో ముచ్చట పెడుతూనే నింపేస్తుంది. రీలు మీద ఒక్క గీత పడదు. "చూడకుంట ఎట్ల జేస్తవే?" అని అడిగితే, "బీడీలు చూసుకుంట చుడతరా?" అంది. అబ్బ, ఆ వేళ్లు! నా పెళ్లామని చెప్పడం కాదు మామా, పనితనం పనితనమే.

మీరు మొదటి కెమెరా చూసి "శెభాష్ అల్లుడా" అన్నప్పుడే చెప్పాల్సింది. ఆమె వద్దంది. పద్నాలుగేళ్లప్పుడు డార్క్‌రూంలోకి వస్తానంటే మీరు, "ఆడపిల్లకు గిదేం పని, పోయి బీడీలు చుట్టుకో" అన్నారట. "నా పేరు జెప్తే బాపు కెమెరాలిచ్చుడే బంద్ జేస్తడు" అంది. ఆ మాట చెబుతూ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇన్నాళ్లూ ఆ పొగడ్తను తేరగా తిన్నందుకు నామీద నాకే అసహ్యం వేసింది. స్టూడియో ఇస్తే ఆమెకివ్వండి. లేదంటే నాకూ వద్దు.

మీ అల్లుడు,
తుకారాం


నిజామాబాద్,
17 ఫిబ్రవరి 2001

చిరంజీవి తుకారాంకు,

మీ మామ రాజారాం ఆశీర్వదించి రాస్తున్నాను. నువ్వు చెప్పిన సంగతి నాకు ముందే తెలుసు. మీరు నింపిన మొదటి కెమెరాను పెళ్లివాళ్లు వాడుకుని తెచ్చిచ్చినప్పుడు విప్పాను. అతుకు మీద వేసిన నల్ల టేపు కొసను మడిచి, గోటితో లోపలికి ఒత్తి ఉంది. బీడీ మూతిని అంత సన్నగా మలిచేది మా ఇంట్లో సుమిత్ర ఒక్కతే. తెలిసి తెలిసి పోచంపాడ్‌లో నీ పేరు చెప్పాను. బిడ్డ పేరు చెబితే, మరి ఇన్నేళ్లు స్టూడియోలోకి ఎందుకు రానీయలేదని ఎవరో ఒకరు నిలదీస్తారని భయపడ్డాను. నీ అబద్ధం చిన్నది, నాది పెద్దది.

మొన్న తలుపేసుకుని నేనూ ఒకటి నింపబోయాను. మూడు రీళ్లు చింపాను. నలభై ఏళ్ల అనుభవం ఎందుకూ అక్కరకు రాలేదు. నా బిడ్డ నన్ను మించిపోయింది. ఈ మాట రాస్తుంటే సిగ్గుగా ఉంది, గర్వంగానూ ఉంది. స్టూడియో సుమిత్రకే. వచ్చే ఆదివారం అదే బంధువులందరినీ కంఠేశ్వర్‌కు పిలిచి నా నోటితో నేనే చెబుతాను. ఆమెను తోలుకొని రా.

మీ మామ,
రాజారాం


బోధన్,
20 ఫిబ్రవరి 2001

బాపూ,

ఉత్తరం మీ అల్లుని పేరున వచ్చినా ముందు చించి చదివింది నేనే. ఏడ్చాను, అబద్ధమెందుకు. మూడు రీళ్లు చింపావని చదివి నవ్వాను కూడా. "నా బిడ్డ నన్ను మించిపోయింది" అని నువ్వు రాసిన చోట వేలు పెట్టి ఈయనకు రెండుసార్లు చూపించాను.

కానీ స్టూడియోకు నేను రాను బాపూ. కోపంతో కాదు. నువ్వొకటి అనుకున్నావు, ఈయనొకటి అనుకున్నాడు, నీకేం కావాలి బిడ్డా అని ఎవ్వరూ అడగలేదు. మా వాకిట్లో ఇప్పుడు బీడీలు చుట్టే ఆడవాళ్లు నలుగురు నాతోపాటు రీళ్లు నింపుతున్నారు. వాళ్లలో హన్మవ్వ వేళ్లు నా వేళ్లకంటే చురుకు. మొన్న తాను నింపిన కెమెరాతోనే ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లను ఫొటో తీసింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె తీసిన మొదటి ఫొటో. రాధాబాయి అయితే, "నాక్కూడ ఒకటియ్యవే, మా ఆయన నిద్రపోయేది దీస్త" అని వెంటపడుతోంది. వీళ్లను వదిలిపెట్టి ఎక్కడికి రాను? స్టూడియో నువ్వే నడుపు. నువ్వుండగా దానికి ఇంకో మనిషి ఎందుకు?

ఆదివారం బంధువులను కంఠేశ్వర్‌కు కాదు, మా వాకిట్లోకి పిలువు. చెప్పదలచింది ఇక్కడే చెప్పు. వచ్చేటప్పుడు ఖాళీ కెమెరాలు సంచెడు పట్టుకురా. నువ్వు రీలు కొసను గుంజుతున్నావు, అందుకే చినుగుతున్నది. హన్మవ్వ పక్కన నీకు చాప వేసి పెడతాను. కూర్చో, నేర్పిస్తాను.

నీ బిడ్డ,
సుమిత్ర