ఆ రోజు పొగ

బావమరిదికి,

మీ అక్క పోయిన రోజు ఉదయం సిమెంటు ఫ్యాక్టరీ పొగ కొలవడానికి వెళ్లింది. ముందుగా చెప్పకుండా చేసే తనిఖీ అది. సాయంత్రం వచ్చి, గుమ్మంలో బూట్లు చూసుకుని నవ్వింది.

"ఎప్పుడూ ఆ యార్డు బొగ్గంతా వీటికే అంటుకునేది. ఇవాళ చూడండి, పెళ్లికి వెళ్లొచ్చినట్టున్నాయి. బొగ్గు ఆపేసి గ్యాస్‌తో నడిపారు. నేనొస్తున్నానని ఎవరు చెప్పారో?"

చేతులు కడుక్కుంటూ కుప్పకూలింది. గుండె ఆగిందన్నారు. అందులో నాకు అనుమానం లేదు.

నా అనుమానం వేరు. ఆ ఉదయం నువ్వు ఫోన్ చేసి భోజనానికి రమ్మంటే, ఫ్యాక్టరీలో పని ఉందని తను నీతో అనడం విన్నాను. సొంత తమ్ముడివే కదా అనుకుంది. ఇంకెవరికీ చెప్పలేదు. ఆ ఫ్యాక్టరీకి బొగ్గు తోలేది నువ్వే.

నిన్న పరామర్శకు వచ్చి నా భుజం మీద చెయ్యి వేశావు. "బావా, కార్బన్ పన్ను పెంచడం మీద ఎల్లుండి విచారణ. చివరిసారి అక్క కొలిస్తే పొగ తక్కువే వచ్చిందని మీరొక్క మాట చెప్పండి, పెంపు ఆగిపోతుంది. అక్క మాట ఎవరు కాదంటారు?" అన్నావు.

ఆ పన్ను పెరగాలనే మీ అక్క ఇన్నేళ్లూ పోరాడింది. పొగకు తగ్గ మూల్యం కట్టిస్తే తప్ప ఎవరూ బొగ్గు మానరనేది.

ఈ ఉత్తరం మీ గుమ్మంలో వేసి వెళ్తున్నాను. తను వస్తోందని ఫ్యాక్టరీ వాళ్లకు చెప్పింది నువ్వు కాకపోతే, వచ్చి నా ఎదుట కూర్చుని ఆ మాట అను. నమ్మాలనే ఉంది.

రాకపోతే, రేపు ఉదయం విచారణకు వెళ్లి ఆ చివరి కొలత చెల్లదని చెబుతాను. ఎందుకని అడుగుతారు. నీ పేరు చెబుతాను.

మీ బావ