మానిటర్ వెలుగు, పెళ్లికూతురి రంగు

తెనాలి, జూన్ 12, 2007, మంగళవారం

పెళ్లికూతుళ్లు తెల్లగా కనబడాలని మా కలర్ ల్యాబ్ ఓనరు బాబాయి రోజూ మానిటర్ వెలుగు పెంచేస్తాడు. తీరా ప్రింటులో మొహాలు మాడిపోతాయి. అందుకే నిన్న ప్రింటు పక్కన పెట్టుకుని తెర రంగులు సరిచేసి, ఆ సెట్టింగులన్నీ సాఫ్ట్‌వేర్‌లో దాచాను. ఇవాళ ఆయన మళ్లీ పెంచితే, ఒక్క క్లిక్కుతో వెనక్కి తెచ్చి ఓ పెళ్లి ఆల్బమ్ ప్రింటు తీశాను.

"ఏంటమ్మాయ్, తెర మీద పిల్ల ఇంత చామనఛాయగానా! ఈ ఆల్బమ్ తిరిగొచ్చిందంటే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నాడు బాబాయి.

సాయంత్రం బాపట్ల నుంచి పెళ్లికూతురే వచ్చింది. ఫొటో పక్కన తన చెయ్యి పెట్టి చూసుకుంది. "ఇది నేనేనండి బాబాయ్‌గారూ! మీరే చేసిన మా అక్క ఆల్బమ్‌లో అయితే నల్లగా ఇంకెవరో ఉంది," అని నవ్వింది.

ఇంటికెళ్లేముందు బాబాయి మానిటర్ బటన్ మీద వేలు పెట్టి, నావైపు చూసి తీసేశాడు. రేపు మళ్లీ నొక్కుతాడేమో... నొక్కనీ.