ఎసరులా మసిలిన సముద్రం

సాయన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. లాంచీలో నీ వంట పని ఇప్పుడు నేనే చేస్తున్నాను. మొన్న మత్రా రేవు నుంచి సముద్రానికి అవతలున్న మక్రాన్ తీరానికి సరుకుతో వెళ్తుంటే, లాంచీ నడిపే బలూచీ చాచా ఏదో వాసన పట్టి అరిచాడు: "చూలా బంద్ కరో! నీచే గ్యాస్ హై!" పొయ్యి ఆర్పాలట, కింద గ్యాస్ ఉందట. నువ్వు నేర్పినట్టు పొయ్యి పక్కనే ఉంచుకున్న తడి గోనెసంచిని మంట మీద కప్పేశాను. ఆయన ఇంజను ఆపేశాడు.

ఎదురుగా సముద్రం ఉబ్బి, ఢామ్మని పగిలింది. తాటిచెట్టంత ఎత్తుకు బురద లేచింది. చూస్తుండగానే నీళ్లలోంచి ఏనుగు వీపులాంటి దిబ్బ పైకొచ్చింది. చుట్టూ బుడగలే బుడగలు. అడుగున బురద కక్కే కొండ ఉందట, దాని గ్యాస్ అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలట, చాచా చెప్పాడు. ఎవరమూ బీడీ ముట్టించలేదు. సగం ఉడికిన అన్నమే తిన్నాం.

"సముద్రం ఎసరు లెక్క మసిలింది తమ్మీ" అని ఒకప్పుడు నువ్వు చూసింది చెప్తే, నమ్మక మనముండే రూమంతా నవ్వేది. అచ్చం అలాగే మసిలిందన్నా. గాలికి లాంచీ ఆ బుడగల దాకా జరిగినప్పుడు, వంగి చెయ్యి ముంచాను.

నీళ్లు చల్లగా ఉన్నాయి. ఈ మాట రూములో చెప్తే మళ్లీ నవ్వుతారు. నువ్వొక్కడివే నమ్ముతావు.