సుహా కాయను చంపు

సుహా బాపూ, నేను రామన్నపేట బస్సుకు పోతున్న. పప్పు వండిన, అన్నం నువ్వు పెట్టుకో. సుహా బడి నుంచి రాంగనే దానితోని అష్టాచెమ్మ ఆడు. కాయ చచ్చినోళ్లు మనసుల మాటొకటి చెప్పాలె అని సుహాకు మనసు బాగు చేస్తున్న దవాఖాన మేడం షరతు పెట్టింది గద. నువ్వేమో పాపమని దాని కాయను చంపుతనే లేవు. నిన్న నేను చంపిన. "అవ్వ నీళ్లడిగితే ఆటల వడి పోలే" అన్నది. మీ అవ్వ పోయిన మూడు నెలలకు గదే మొదటి మాట. అన్నీ నేనొక్కదాన్నే వినాల్నంటే నాతోని అయితలేదు. నీ కాయ చస్తే నువ్వు గూడ చెప్పు, "ఏం లేదు" అనకు.

చెప్పుడు మరిచిన: దానికి ఆట రాదనుకోకు. నువ్వు చంపుతవనే నీ ముంగటికి తెచ్చి కాయ పెడుతున్నది.