తెగిన పోగు, మైకు తీగ

సిరిసిల్లలో ఉన్న నర్సక్కకు, కోరుట్ల నుంచి తమ్ముడు రాజేశం దండం పెట్టి రాస్తున్నది.

నిజం చెప్పాలంటే ఈ ఉత్తరం ఎందుకులే అనుకున్నాను. పొద్దున బస్సెక్కితే పగటి అన్నానికి నీ ముందుంటాను. ఫోనైతే ఇంకా తొందర. కానీ ఫోనులో నువ్వు "తిన్నవా తమ్మీ" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే పెట్టేస్తావు. ఉత్తరాన్నైతే నడుమ కోయలేవు. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? బావ దగ్గు తగ్గిందా? నేను బాగున్నాను, బెంగ వద్దు.

ఇక్కడి ఎండా మన ఎండే. హోటల్ పప్పులో మాత్రం ముఖం చూసుకోవచ్చు. మరమగ్గాల సాంచెలు ఆగిపోయాక మన వాడ ఎంత మూగబోయిందో నీకు తెలుసు. ఇక్కడి కిరాయి గదిలోనూ ఆ చప్పుడు లేక మొదట్లో నాకు నిద్రే రాలేదు. పంకా రెక్క ఒకటి వంగి టకటకమంటుంది. ఇంటాయన బాగు చేయిస్తానంటే నేనే వద్దన్నాను. సాంచె ఆడుతున్నట్టుండే ఆ టకటకకే ఇప్పుడు కన్ను మూతపడుతోంది.

ఇక పని సంగతి. మా సేటు మల్లేశం మైకులు కిరాయికిస్తాడు. బజారు తీగలను నమ్మడు. చుట్టలు తెచ్చి కోయించి, కొసలకు పిన్నులు దుకాణంలోనే పెట్టిస్తాడు. సీసం కరిగించి ఆ పిన్నులకు తీగ అతికించడం నా పని. లోపల ఒక తీగ, దాని చుట్టూ జల్లెడలాంటి సన్నని రాగి జాలి. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. అదే నాతో కాలేదు. జాలి పోగు ఒకటి విడిగా కనిపిస్తే, నలభై ఏళ్లు సాంచె మీద పోగులు అతికిన చేతులు ఊరుకుంటాయా? లోపలి తీగకు చుట్టి మెలేసేవి.

ఈ కొస నుంచి ఆ కొసకు, తీగ కలిసిందో లేదో చెప్పే మీటర్ పెడితే కుయ్యిమంది. మురిసిపోయాను. మల్లేశం అదే మీటర్‌ను లోపలి తీగకూ జాలికీ నడుమ పెట్టాడు. మళ్లీ కుయ్యిమంది.

"కాకా, గీడ గమ్మునుండాలె. తీగకు జాలి తగిలితే ఆవాజ్ ఎట్లొస్తది?"

"తెగిన పోగును ఇడిసిపెట్టుడు నాకు అలవాటు లేదు సేటూ."

"గట్లయితే సాంచెల కాడికే పో. ఎల్లుండి రుద్రంగిల ఒగ్గుకథ ఉన్నది. నీ తీగలే ఏస్త. గరగర అన్నదనుకో, అటే సిరిసిల్ల బస్సెక్కిస్త."

ఆగిపోయిన సాంచెల దగ్గరికి పోయి నేనేం చేయను అక్కా? అతుకులన్నీ విప్పాను. విడి పోగులను కోస్తుంటే ప్రాణం గిలగిలలాడింది. అయినా కోశాను. ఒక్కో తీగకూ రెండు పరీక్షలూ పెట్టాను, కుయ్యిమనాల్సిన చోటా, ఊరుకోవాల్సిన చోటా.

రుద్రంగిలో ఒగ్గు కథకుడు మైకు ముందు నిలబడ్డాడు.

"అల్లో, అక్కలారా, ఇనబడ్తుందా?"

ముందు వరుసలో కూర్చున్న ముసలమ్మ లేచింది. "ఇనబడ్తుంది గని, జెర మెల్లగ ఒర్రు నాయినా, చెవులు పలుగుతున్నయ్!"

అంత తీయటి తిట్టు నేను ఎన్నడూ వినలేదు. కథ అయిపోయేదాకా ఒక్క గరగర లేదు. గుండె కుదుటపడింది. నువ్వూ కుదుటపడు.

ఎవరైనా ఇటు వస్తే మామిడి తొక్కు పంపు. అల్మారీలో నా నూలు కత్తెర ఉంది, అదీ పంపు. పెద్దలకు దండాలు, పిల్లలకు ముద్దులు. నీ చల్లని చేయి నా తల మీద ఉందనుకుంటూ,

నీ తమ్ముడు
రాజేశం

ఇది మడుస్తుండగా మల్లేశం వచ్చాడు. కొత్త తీగ చుట్ట నా బల్ల మీద పెట్టి, ఈసారి మీటర్ పట్టుకుని నిలబడకుండా చాయ్ తాగడానికి పోయాడు.