ఖాసిం గారి ఉక్కు మొన

ఏలూరు, 1936
శుక్రవారం రాత్రి

మధ్యాహ్నం మూడున్నరకు ఖాసిం గారి ఉక్కు మొన కాడను ఆకురాయితో అరగదీసి నా చిన్న లేతుకు పట్టించాను. ఇక అది ఆయన పెద్ద లేతులో నిలవదు. తిరిగే కొయ్యను చివర పట్టి ఉంచేది ఆ మొనే. కొయ్య గుంజలు తీసి బతికే ఆయనకున్నది అదొక్కటే. శుక్రవారం పని ఆపుతారు కనుక ఈ ఒక్క రోజుకు వాడుకోమని ఇచ్చారు.

కాడ దూరేలా నా లేతు రంధ్రాన్నే పెద్దది చేసుకోవలసింది. కొత్తది, పాడవుతుందని మనసొప్పలేదు.

సాయంత్రం నమాజు నుంచి వస్తూ ఆయన గుమ్మం దగ్గర ఆగారు. మొన మీద పత్రిక కప్పాను.

“ఏవండీ, మా మొన మీ లేతుకి పట్టిందాండీ?”

“పట్టిందండీ.”

“దాని కాడ లావు కదండీ. మీ లేతు గానీ పొద్దుటి నుంచీ ఒళ్లు చేసిందా ఏంటి?”

ఇద్దరం నవ్వాం.

“గూడెం చర్చి కటకటాలకి ఇంకా నాలుగు గుంజలు లేతు మీద తియ్యాలండీ. రేపు మనిషిని పంపుతున్నారు. పొద్దున్నే వచ్చి మొన పట్టుకెళ్తాను” అన్నారు.

అప్పుడే చెప్పవలసింది. నేనన్నది ఒక్క మాట, అదీ అబద్ధం కాదు. పత్రిక పని మీద వెళ్లినప్పుడు ఏ అధికారి అయినా నాకిలా జవాబిస్తే వెంటనే రెండో ప్రశ్న వేసేవాణ్ణి.

ఆయన వెళ్లాక కాడకు రేకు చుట్టి పాత లావు తెచ్చాను. చేత్తో తిప్పితేనే రేకు జారిపోతోంది. అరిగిన ఇనుము మళ్లీ రాదు.

రేపు పొద్దున ఏడింటికి ఖాసిం గారు వస్తారు. గుంజల కోసం గూడెం మనిషి పన్నెండు గంటల రైలుకు దిగుతాడు.